బదిలీ క్యాచర్

రెండేళ్ల కిందటి నవంబరులో, రెండో బుధవారం సాయంత్రం ఐదుంబావుకు ఇది మొదలైంది. మందమర్రిలో మా బడి ఆటస్థలం పక్కనున్న సామాన్ల గదిలో ముగ్గురం కూర్చున్నాం. చుట్టూ వాలీబాల్ వలల మూటలు, తుప్పుపట్టిన హర్డిల్స్, కాలు విరిగిన క్యారమ్ బల్ల, మధ్యలో మూడు ప్లాస్టిక్ కుర్చీలు. ఆదిలాబాద్‌లో జరిగే బేస్‌బాల్ పోటీలకు ఆడపిల్లల జట్టు పేర్లు మర్నాటికల్లా పంపాలి. పదహారు మందిని తీసుకెళ్లవచ్చు. పదిహేను పేర్లు తేలాయి. పదహారో పేరు దగ్గర మాట ఆగింది. ఆ పేరు మేం సరిగా తేల్చలేదని ఇప్పుడు అనేవాళ్లున్నారు. సరిగానే తేల్చాం. చిక్కంతా అక్కడే ఉంది.

ముగ్గురిలో నేనే పెద్దదాన్ని. వ్యాయామ టీచరుగా ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాను. అయినా స్కోరు రాయడానికి పిలుస్తారు. మా వైపు బేస్‌బాల్ స్కోరు తప్పు లేకుండా రాయగలవాళ్లు తక్కువ, రాయాలనే కోరిక ఉన్నవాళ్లు ఇంకా తక్కువ. రెండో మనిషి ఇప్పటి వ్యాయామ టీచరు, జట్టుకు కోచ్. చిన్నప్పుడు నా దగ్గరే చదివాడు కాబట్టి నా మాట వింటున్నట్టు కనబడతాడు. మూడో మనిషి మేనేజరు. ఆడపిల్లల వెంట నమ్మకమైన పెద్దమనిషి ఒకరు రావాలని తల్లిదండ్రులు పట్టుబడితే, గనిలో కార్మికుల గుంపు మీద సర్దారుగా చేసి రిటైరైన ఈయన ఒప్పుకున్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ యూనియన్ మనిషి. ఆయనకు బేస్‌బాల్ రాదు. రాదని దాచుకోలేదు కూడా.

బేస్‌బాల్‌లో బ్యాటు పట్టిన మనిషి వెనుక, ముఖానికి జాలీ, ఒంటికి కవచాల కిట్టు తొడుక్కుని గొంతుక్కూర్చుని బంతి పట్టేవాళ్లను క్యాచర్ అంటారు. మా కాలనీల్లో "వెనుక కూసునేది" అంటారు. మిగతావాళ్లకు బంతి వచ్చినప్పుడే పని. ఈమెకు ప్రతి బంతికీ పనే. మోకాళ్లు పోతాయి, వేళ్లు వాస్తాయి. ఒకరు పడిపోతే ఇంకొకరు అప్పటికప్పుడు చేసే పని కాదది.

మా క్యాచర్ మేనేజరు తమ్ముడి కూతురు. ఇంటర్ రెండో సంవత్సరం. అలాంటి చెయ్యి నా సర్వీసులో మరొకటి చూడలేదు. కూర్చున్న చోటి నుంచి లేవకుండానే, పరుగు తీసే పిల్ల చేరేలోపు రెండో బేస్‌కు గీత గీసినట్టు విసిరేది. ఆ పిల్లకు అదే ఆఖరి అవకాశం. వచ్చే ఏడు వయసు దాటిపోతుంది. రాష్ట్ర జట్టులో పేరు పడితే, వ్యాయామ టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో ఆటల కోటా కింద సీటు వస్తుంది. పడకపోతే మంచిర్యాలలో కంప్యూటర్ డిగ్రీ. తండ్రి ఆ మాట ముందే చెప్పేశాడు. ఆమెకు టీచరు కావాలని ఉంది, అది కూడా వ్యాయామ టీచరే కావాలని. "ఎండల నిలబడి ఈల ఊదేదానికి చదువెందుకు బిడ్డా" అని తల్లి అంటే, "నీడల కూసోని ఊదేటోళ్లకు చదువు ఉంటదా అవ్వా" అని ఈమె జవాబు.

ఆ సాయంత్రం కోచ్ వాదన ఇది: "మేడం, మనకు కొట్టేటోళ్లు తక్కువున్నరు. ఇంకో క్యాచర్‌ను బెంచీ మీద కూసోబెట్టేటందుకు తీస్కపోవుడేనా? ఆ జాగల దూరం కొట్టే పిల్లను తీస్కపోదాం."

"మూడు దినాలల్ల నాలుగు ఆటలు," అన్నాను. "ఆ పిల్ల మోకాళ్లేమన్న ఇనుపవా? ఒక్క బంతి వేలుకు తాకితే వెనుక ఎవలు కూసుంటరు? నువ్వు కూసుంటవా?"

"నాకు కిట్టు పట్టది మేడం."

అంతసేపూ వింటున్న మేనేజరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "బదిలీ లేకుండ ఏ గని నడుస్తది సారూ? పర్మినెంటోడు నాగా పెడితే బొగ్గు ఆగాల్నా? రాయుండ్రి టీచరమ్మా, ఆ చిన్నదాని పేరు రాయుండ్రి."

గనుల ఊళ్లలో బదిలీ అంటే రోజూ షిఫ్టు వేళకు వచ్చి హాజరు కిటికీ ముందు నిలబడే కార్మికుడు. పర్మినెంటు మనిషి రాని రోజున అతని పని ఇతనికి దొరుకుతుంది. అలా దొరికిన రోజును మస్టర్ పడింది అంటారు. తగినన్ని మస్టర్లు పడితే ఇతనూ పర్మినెంటు అవుతాడు. పడకపోతే జొన్నరొట్టె మూట విప్పకుండానే ఇంటికి తిరిగిపోతాడు. మేనేజరు పడుచుతనమంతా బదిలీగానే గడిచింది. ఆ తర్వాత యూనియన్‌లో చేరి, బదిలీలకు మస్టర్లు ఇప్పించడానికి ఎందరు అధికారుల గుమ్మాల ముందు కూర్చున్నాడో ఆయనకే లెక్క తెలియదు.

పదహారో పేరు రాశాను. కోచ్ ఓడిపోయాడు, మేమిద్దరం గెలిచాం. మేమిద్దరం ఒకే మాట మీద లేమని ఎవరికీ తట్టలేదు. నా దృష్టిలో అదనపు క్యాచర్ అంటే నిప్పంటుకుంటే ఆర్పడానికి ఆఫీసు గోడకు వేలాడే ఎర్ర ఇసుక బకెట్టు. ఉండాలి, వాడే అవసరం రాకూడదు. ఆయన దృష్టిలో పేరు రాసుకున్నాక పని ఇవ్వకపోవడం అన్యాయం.

అదనపు క్యాచర్‌గా రాసిన ఆ చిన్నది తొమ్మిదో తరగతి. తండ్రి కాంట్రాక్టు కింద పనిచేసే కార్మికుడు. మర్నాటికే ఆమె పేరు పోయి బదిలీ అయింది. "ఏయ్ బదిలీ, బంతులు ఎత్కరా." "బదిలీ, నీళ్ల క్యాను ఏడ పెట్టినవే?" ఆ పిల్ల ఏ పిలుపుకైనా పలికేది. పెద్దది, అంటే మా క్యాచర్, మాత్రం ఒకసారి కిట్టు విప్పుతూ అడిగింది: "నేను నాగా పెడతనని చూస్తున్నవా ఏందే?"

"లేదక్కా. నువ్వు పెట్టకు. నేను ఆదిలాబాద్ చూడలే, గదే ఖుషీ నాకు."

"చూడు మరి. వ్యాన్‌ల కిటికీ పక్కన మాత్రం నేనే కూసుంట."

శుక్రవారం తెల్లవారి వ్యాన్‌లో బయలుదేరాం. ఆసిఫాబాద్ దాటి, అడవి దారిలో పిల్లలు ఇద్దరు కక్కుకుని, ఉట్నూర్‌లో చాయ్‌కి ఆగాం. కోచ్ పిల్లలకు బిస్కట్లు పంచుతున్నాడు. మేనేజరు గ్లాసు పట్టుకుని నా పక్కకు వచ్చాడు.

"టీచరమ్మా, చిన్నదాన్ని ఎన్ని ఆటలకు దింపాలె?"

"ఒక్కదానికి గూడ వద్దు. పెద్దదానికి దెబ్బ తాకితేనే."

"గట్లెట్ల? పొద్దంత కూసోబెట్టి పంపుడేనా?"

"కూసోబెట్టాలె. ఈ ఆటల ఒకసారి బయటికొచ్చిన మనిషి ఆ ఆట ముగిసేదాంక మళ్ల లోపలికి పోరాదు. చిన్నదాన్ని దింపితే పెద్దది ఇగ రాదు."

ఆయన చాయ్ ఆపేశాడు. "కబడ్డీల అవుటైనోళ్లు లేస్తరు. వాలీబాల్‌ల గూడ వస్తరు."

"ఇది కబడ్డీ కాదు, వాలీబాల్ కాదు."

"మరి బయటికొచ్చిన పిల్ల తప్పేం చేసింది? తప్పు చెయ్యనోళ్లను మళ్ల పనిలకు తీసుకోకపోవుడు ఎక్కడన్న ఉంటదా?"

"ఈ ఆటల ఉంటది."

ఆయన ముఖం చూసి నియమం అర్థమైందనుకున్నాను. అర్థమైంది కూడా. కాకపోతే ఆయనకు నియమం అంటే మొదటి మాట మాత్రమే. దాని తర్వాత చర్చలు ఉంటాయి. "తీ టీచరమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి. మాట్లాడితే అన్నీ అయితయి," అని గ్లాసు కడిగి ఇచ్చేశాడు.

మా పిల్లలకు కూడా ఆ నియమం ఒంటికి పట్టింది కాదని ఇక్కడ చెప్పాలి. మా మైదానంలో ఆడేటప్పుడు అలిసిన పిల్ల బయటికి వచ్చి, నీళ్లు తాగి, జడ బిగించుకుని మళ్లీ లోపలికి పోయేది. ఆపేవాళ్లు లేరు. ఉన్న పిల్లలే అంతమంది.

మొదటి రోజు రెండు ఆటలూ గెలిచాం. పెద్దది ఐదుగురిని రెండో బేస్ దగ్గర పట్టించింది. చూడవలసినవాళ్లు చూడలేదు. రాష్ట్ర జట్టును ఎంపిక చేసేవాళ్లు ఇద్దరు, వాళ్లు రెండో రోజున సెమీఫైనల్ ఆటలకు వస్తారని చెప్పారు.

రెండో రోజు పొద్దున అటుకులు తింటూ పిల్లలు నవ్వుకుంటున్నారు. ఒకతె కొంచెం గట్టిగానే అంది: "మన బదిలీకి ఒక్క మస్టర్ పడలే. పర్మినెంటోళ్లదే రాజ్జెం."

ఇంకొకతె అందుకుంది: "పడుతదే, మేనేజరు ఆమె పెద్దబాపు అయితే పడుతది."

మేనేజరు రెండు వరసల అవతల కూర్చుని ఉన్నాడు. చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. ఆయన జీవితంలో ఎన్నో మాటలు పడ్డాడు. మేనేజ్‌మెంటు మనిషి అని మాత్రం ఎవరూ అనలేదు.

సెమీఫైనల్ పదింటికి. అంపైర్లు తక్కువయ్యారని పక్క మైదానంలో నిలబడటానికి మా కోచ్‌ను తీసుకుపోయారు. పోటీల్లో ఇది మామూలే, వచ్చిన వ్యాయామ టీచర్లే అంపైర్లు. బెంచీ మీద మేనేజరు ఒక్కడే మిగిలాడు. నేను స్కోరు రాసేవాళ్ల బల్ల దగ్గర ఉన్నాను. మా బెంచీ మీది మాట వినబడేంత దగ్గర. కానీ ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఏ జట్టుతోనూ మాట్లాడకూడదు. ఆ నియమం నేను ఇతరులకు నేర్పినదే.

ఏడింటిలో మూడు ఇన్నింగ్సులు అయ్యేసరికి తొమ్మిది–రెండుతో ముందున్నాం. ఎంపిక చేసేవాళ్లు వచ్చారని, ముందు పక్క మైదానం ఆట చూసి ఇటు వస్తారని కబురు తెలిసింది. మేనేజరు లేచి పెద్దదాన్ని పిలిచాడు.

"బిడ్డా, జరసేపు కూసో. తొమ్మిది పరుగులున్నయి, భయం లేదు. ఆ చిన్నదానికి ఒక మస్టర్ పడనీ. ఆ సార్లు ఈడికి వచ్చేటాళ్లకు మళ్ల నిన్ను ఎక్కిస్త."

"మళ్ల ఎక్కనిస్తరా పెద్దబాపు? మేడం ఏదో అన్నది గదా."

"నేను మాట్లాడుత గదా. ఇంత చిన్న ముచ్చటకు ఎవలన్న కాదంటరా? నా తమ్ముని బిడ్డనే ఆడిపిస్తున్ననంటున్నరు, విన్నవు గదా."

ఆమె నా వైపు చూసింది. నేను కాగితం వైపు చూశాను. ఆ పిల్లకు పెద్దబాపు మాట కాదనడం అలవాటు లేదు. పైగా మాట న్యాయంగానే ఉంది. కిట్టు ఒక్కటే కాబట్టి విప్పి తనే చిన్నదానికి తొడిగింది. మోకాళ్ల కవచాలు తొడల దాకా వచ్చాయి. "జాలీ జారితే దవడతోని ఆపు. చెయ్యి పెట్టకు, బంతి కనిపియ్యది," అని చెప్పి పట్టీ బిగించింది.

మేనేజరు వెళ్లి అంపైరుకు మార్పు చెప్పాడు. అంపైరు మా బల్ల వైపు తిరిగి చదివాడు. స్కోరు రాసేవాళ్లు సరిచూసుకోవడానికి అంపైరును ఒక ప్రశ్న అడగవచ్చు. అడిగాను, ఇటు బెంచీకీ అటు గేటుకీ వినబడేటట్టు అడిగాను: "మొదటి క్యాచర్ ఆటలోనుంచి పోయినట్టేనా? ఖాయమేనా?"

అంపైరు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు నా వైపు చూసి చెయ్యి ఊపాడు. "ఖాయమే టీచరమ్మా. రాసుకోండ్రి."

రాసుకున్నాను.

చిన్నది నాలుగో ఇన్నింగ్స్‌లో రెండు బంతులు వదిలేసింది. ఐదో ఇన్నింగ్స్‌లో కుదురుకుంది. ఎంపిక చేసేవాళ్లు ఇద్దరూ మా వైపు గేటులోంచి లోపలికి వస్తుండగా, అవతలి జట్టు పిల్ల ఒకతె రెండో బేస్ వైపు పరుగు తీసింది. చిన్నది లేచి విసిరింది. పరుగు తీసిన పిల్ల అవుటయింది. విసరడం నేర్పింది పెద్దదే. ఇద్దరిలో కళ్లద్దాల ఆమె ఆగి, పక్కవాళ్లను ఆ పిల్ల పేరు అడిగింది.

మేనేజరుకు ఇక సమయం వచ్చిందనిపించింది. పెద్దదాన్ని వెంటబెట్టుకుని అంపైరు దగ్గరికి నడిచాడు.

"సార్, ఈమెను మళ్ల ఎక్కిద్దాం."

"పేరు కొట్టేసినం సార్. ఈ ఆటల రాదు."

"నేనే కొట్టిపిచ్చిన. నేనే రాపిస్తున్న."

"రూలు ఒప్పుకోదు సార్."

"రూలు నేను కాదంటలేను. మాట్లాడుకుందాం అంటున్న."

"ఎవలితోని మాట్లాడుతరు?"

గనిలో ఆయనకు నలభై ఏళ్లుగా ఎప్పుడూ పైన ఒకరు ఉండేవారు. అండర్ మేనేజరు వినకపోతే మేనేజరు, మేనేజరు వినకపోతే జనరల్ మేనేజరు, అక్కడా కాకపోతే లేబర్ ఆఫీసు. ఇక్కడ అంపైరు వెనుక ఎవరూ లేరు, కంచె ఉంది, కంచె అవతల పత్తి బస్తాల లారీలు పోతున్నాయి. చుట్టూ ఒకసారి చూసి, తనకు తెలిసిన చివరి పని చేశాడు. సున్నం గీత మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

అవతలి జట్టు పిల్లలు నవ్వారు. మావాళ్లలో కొందరు కాలనీ అలవాటు కొద్దీ ఆయన వెనుక వచ్చి నిలబడ్డారు. ఇంకొక నిమిషం ఉంటే కూర్చునేవాళ్లే. అంపైరు గడియారం చూసుకుని, లేవకపోతే ఆట అవతలివాళ్లకు ఇచ్చేస్తానన్నాడు.

పెద్దది వంగి ఆయన రెక్క పట్టుకుంది. "లే పెద్దబాపు."

"ఆగు బిడ్డా, దిగొస్తరు."

"ఎవలు దిగొస్తరు? ఆట పోతది. పదిహేనుమందిది పోతది. లే."

లేచాడు. ధోవతికి సున్నం అంటింది. ఆమే దులిపింది. పదకొండు–ఐదుతో ఆట గెలిచాం.

సాయంత్రం నేను స్కోరు కాగితాలు తీసుకుని ఎంపిక చేసేవాళ్ల దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు నేను బల్ల దగ్గర లేను, మాట్లాడవచ్చు. మొదటి రోజు రెండు ఆటలూ, రెండో రోజు మూడు ఇన్నింగ్సులూ, పెద్దది పట్టినవీ వదిలినవీ, పరుగు తీసినవాళ్లలో ఎందరిని ఆపిందీ ఒక్కొక్కటే చూపించాను. టోపీ పెట్టుకున్న ఆయన మర్యాదగా విన్నాడు.

"మంచిగ రాసిండ్రు మేడం. కానీ చూడని పిల్లను ఎట్ల రాస్తం? కాగితం మీద అందరు మంచిగనే ఆడుతరు."

"నా కాగితం మీద ఆడరు," అన్నాను. "రేపు ఫైనల్‌ల చూడుండ్రి."

"ఇయ్యాల్నే లిస్టు పంపాలె మేడం. పొద్దున మా బండి."

కళ్లద్దాల ఆమె నన్ను ఊరడించబోయింది. "మీ చిన్న క్యాచర్‌ను తీసుకున్నం గదా మేడం. మాకు క్యాచర్లు ఇద్దరు ముందే ఉన్నరు. మూడో జాగకు చిన్న వయసు పిల్ల అయితే ఇంకా రెండు మూడేండ్లు అక్కరకొస్తది."

అంటే రాష్ట్ర జట్టు కూడా అదనపు క్యాచర్ ఉండాలనే నమ్ముతోంది. వాళ్ల వాదన, నా వాదన ఒకటే. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని వచ్చాను.

లిస్టు గోడకు అంటించినప్పుడు చిన్నది ఏడ్చింది. పెద్దది ఏడవలేదు. "అక్కా, నేను పోను, నా జాగల నువ్వు పో," అని చిన్నది బతిమాలుతుంటే, "ఒకసారి రాసినంక మార్చరే. గింత జరిగినంక గూడ తెలుస్తలేదా నీకు?" అని కిట్టు తుడవడంలో పడింది.

ఆదివారం ఫైనల్. ఆ వారం నేను చర్చికి పోలేదు. పెద్దది ఏడు ఇన్నింగ్సులూ వెనుక కూర్చుంది. ఒక్క బంతి వదలలేదు. ఒక్క పిల్ల రెండో బేస్ చేరలేదు. నా ముప్పై నాలుగేళ్లలో అంత శుభ్రమైన స్కోరు కాగితం రాయలేదు. ఎంపిక చేసేవాళ్ల బండి అప్పటికి నిర్మల్ దాటి ఉంటుంది. కప్పు మాకే వచ్చింది. మేనేజరు దాన్ని ఒళ్లో పెట్టుకుని వ్యాన్‌లో ఉట్నూర్ దాకా కూర్చున్నాడు. ఉట్నూర్‌లో చాయ్ తెచ్చి పెద్దదానికి ఇవ్వబోయాడు. "వద్దు పెద్దబాపు, తాగిన," అంది. తాగలేదని ఆయనకూ తెలుసు.

చిన్నది రాష్ట్ర జట్టుతో వెళ్లి, మొత్తం పోటీలు బెంచీ మీద కూర్చుని వచ్చింది. ఒక్క బంతికీ దించలేదట. ఇసుక బకెట్టును ఎలా వాడాలో అక్కడివాళ్లకు తెలుసు. ఆ సంగతి విని మేనేజరు వాళ్లకు ఉత్తరం రాద్దామన్నాడు. కోచ్ ఎలాగో ఆపాడు.

తమ్ముడి ఇంట్లో పెద్ద మాటలే నడిచాయి. నేను విన్నవి రెండే. తమ్ముడు అన్నాడు: "ఊరందరికి న్యాయం చేస్తివన్నా. ఇంట్లదాని మీదికి వచ్చేటాళ్లకు గూడ ఊరిదే న్యాయం." అన్న అన్నాడు: "ఇంట్లదని చెయ్యకుంటే గది న్యాయమెట్లయితదిరా?" ఇద్దరి మాటల్లోనూ నాకు తప్పు దొరకలేదు. దొరికితే బాగుండేది.

ఈ నవంబరులో మళ్లీ అదే గదిలో కూర్చున్నాం. మేనేజరు కుర్చీలో వేరే ఆయన. పదహారో పేరు దగ్గర మాట మళ్లీ ఆగింది. "అదనంగా ఒక క్యాచర్‌ను తీసుకుపోవాల్నా మేడం?" అని కోచ్ అడిగాడు, నా ముఖం చూడకుండా. తీసుకుపోవాలి అన్నాను. మోకాళ్లు మోకాళ్లే, వేళ్లు వేళ్లే. అప్పటి లెక్క తప్పు కాదు, ఇప్పటిదీ కాదు. పెద్దది కంప్యూటర్ డిగ్రీ రెండో సంవత్సరంలో ఉంది. మార్కులు బాగానే వస్తున్నాయట. బస్సు మా మైదానం పక్కనుంచే పోతుంది. ఆమె అవతలి వైపు సీటులో కూర్చుంటుంది.

పోయినవి ఇవి. రాష్ట్ర జట్టులో ఒక చోటు. దాని వెంట ట్రైనింగ్ కాలేజీలో ఒక సీటు. అన్నదమ్ముల మధ్య మాటలు, పదకొండు నెలలు, తర్వాత కొంచెం కొంచెంగా కలిశాయి. మా జట్టుకు ఒక మేనేజరు, మళ్లీ రానన్నాడు. ఈ జిల్లాకు ఒక వ్యాయామ టీచరు. ఆటలు నాలుగు ఆడాం, ఒక్కటీ పోలేదు.